నీళ్లు మనవే, మరి సరుకు కొనేదెవరు? బ్రెగ్జిట్ వెనుక చేపల కథ

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకి యూరప్ అనగానే గుర్తొచ్చేది టెస్టు. మన చెరువు రొయ్యల సరుకులో కనీసం సగం పరీక్షించి తీరాలని 2016లో యూరోపియన్ యూనియన్ తీర్మానించింది. అంతకుముందు అది పది శాతమే. నిషేధించిన యాంటీబయోటిక్ ఆనవాలు దొరికితే సరుకు వెనక్కి రావచ్చు. అదే ఏడాది జూన్ 23న, ఆ యూనియన్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్ ప్రజలు ఓటేశారు. పోదామన్న వాళ్లే గెలిచారు. బ్రిటన్ అలా బయటికి రావడమే బ్రెగ్జిట్.

మా వైపు చాలామందికి బ్రెగ్జిట్ అంటే వలసల గొడవ. వలసలు పెద్ద కారణమే, కాదనను. కానీ ఈ వాదనలో మొదటి నుంచీ ఉన్నదీ, ఇప్పటికీ తెగనిదీ చేపల సంగతి. చేపా రొయ్యా అమ్ముకుని బతికే ప్రాంతం వాళ్లం కాబట్టి ఈ వైపు నుంచి చూస్తే మనకి తొందరగా అర్థమవుతుంది.

1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ బొగ్గు, ఉక్కు ఉమ్మడిగా నడుపుకుందామని చేతులు కలిపాయి. 1957లో రోమ్‌లో సంతకాలు చేసి ఉమ్మడి మార్కెట్ పెట్టుకున్నాయి. అదే పెరిగి తర్వాత యూరోపియన్ యూనియన్ అయింది. బ్రిటన్ అప్పుడు చేరలేదు. తర్వాత మనసు మార్చుకుని 1961లో దరఖాస్తు పెడితే, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ 1963 జనవరిలో కుదరదన్నాడు. ఆయన పాలనలోనే, దానికి ఐదు నెలల ముందు, 1962 ఆగస్టులో మన యానాం చట్టప్రకారం భారతదేశానిదైంది. గోదావరి ఒడ్డున తన హక్కు వదులుకున్న ఫ్రాన్స్, తన గడప దగ్గర మాత్రం బ్రిటన్‌ని ఆపేసింది. 1967లో రెండోసారీ అదే జవాబు. డిగాల్ దిగిపోయాకే దారి తెరుచుకుంది.

అసలు పేచీ ఇక్కడ మొదలైంది. బ్రిటన్, ఐర్లాండ్, డెన్మార్క్, నార్వేలతో 1970లో చర్చలు మొదలవుతుండగానే, ఆ ఆరు దేశాలూ ఉమ్మడి చేపల విధానం ఒప్పేసుకున్నాయి. సభ్యదేశాల పడవలన్నిటికీ ఒకరి నీళ్లలో ఒకరికి సమాన హక్కు అన్నది దాని సారం. చేపలు దండిగా ఉన్నది కొత్తగా చేరబోయే వాళ్ల సముద్రాల్లో, నియమం రాసింది లోపలున్న వాళ్లు! నార్వే ప్రజలు 1972లో ఓటేసి వద్దన్నారు, అందులో జాలర్ల కోపం పెద్ద భాగం. బ్రిటన్ మాత్రం ఒప్పుకుని 1973 జనవరి 1న చేరింది.

దానికి తోడు ఐస్‌లాండ్ తన సముద్ర హద్దుల్ని 200 మైళ్లకి పెంచింది. ఇంగ్లండ్‌లోని హల్, గ్రిమ్స్‌బీ రేవుల నుంచి దూరం వెళ్లి వేటాడే పడవలకి 1976 తర్వాత ఆ నీళ్లు మూసుకుపోయాయి. ఐస్‌లాండ్ ఉమ్మడి మార్కెట్‌లో లేదు, ఆ నష్టానికీ యూరప్‌కీ నేరుగా సంబంధం లేదు. అయినా ఖాళీ అయిన రేవుల్లో రెండు కోపాలూ కలిసిపోయాయి. వేట పోయిన ఊరికి అంత వివరంగా విడదీసి చూసే ఓపిక ఉండదు. ఉప్పాడలోనో అంతర్వేదిలోనో అడిగితే ఈ మాట మనవాళ్లే చెబుతారు.

1983లో ఏ దేశం ఎంత పట్టాలో కోటాలు పెట్టారు. స్పెయిన్ యజమానులు తమ పడవల్ని బ్రిటన్‌లో రిజిస్టర్ చేయించి బ్రిటన్ కోటాలో వేటాడటం మొదలుపెట్టారు. దాన్ని ఆపడానికి బ్రిటన్ పార్లమెంటు 1988లో చట్టం చేస్తే వాళ్లు కోర్టుకెళ్లారు. యూరప్ చట్టానికి అడ్డొస్తే దేశ చట్టాన్ని పక్కన పెట్టాల్సిందేనని 1990లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. బ్రిటన్ కోర్టు అలాగే చేసింది. పార్లమెంటు మాటకి తిరుగులేదని నమ్మే దేశానికి అది మామూలు దెబ్బ కాదు. 2016లో ‘అధికారం మన చేతికి’ అని వాళ్లు అరిచిన అరుపు వెనుక ఈ కేసు ఉందని నా నమ్మకం.

ఈ మధ్యలో 1975లో ఒకసారి ప్రజల్ని అడిగారు. 67 శాతం ఉందామన్నారు. 41 ఏళ్లకి 51.9 శాతం పోదామన్నారు. మనకిది వింతగా తోచనక్కర్లేదు. 1972లో జై ఆంధ్ర అంటూ విడిపోతామన్న ఈ డెల్టాయే, సరిగ్గా 41 ఏళ్లకి, 2013లో సమైక్యాంధ్ర అంటూ రోడ్డెక్కింది. తేడా ఏమిటంటే మనల్ని ఓటు అడగలేదు, పార్లమెంటే తేల్చింది.

చేపల కోసం బయటికొచ్చిన వాళ్లు బ్రిటన్ కంటే ముందే ఉన్నారు. డెన్మార్క్ పాలన కింద ఉన్న గ్రీన్‌లాండ్ 1982లో ఓటేసి, 1985లో యూరప్ కూటమిని వదిలేసింది. 2016 ప్రచారంలోనూ జాలర్ల పడవలు బారులు తీరి థేమ్స్ నదిలో లండన్ దాకా వచ్చాయి. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థలో చేపల వేట వాటా దాదాపు 0.1 శాతమే. అయినా 2020 జనవరి 31న బయటికొచ్చాక, ఆ డిసెంబర్ 24న వాణిజ్య ఒప్పందం కుదిరేదాకా చివరి వరకూ తేలనిది చేపల లెక్కే. బ్రిటన్ నీళ్లలో యూరప్ పడవలు పట్టే చేపల విలువలో 25 శాతం విడతలవారీగా బ్రిటన్‌కి మళ్లించాలని రాసుకున్నారు.

నీళ్లు ఎవరివన్న ప్రశ్న చుట్టూ అంత గొడవ పడ్డారు గానీ, సరుకు కొనేదెవరన్నది చాలామందికి 2021 జనవరిలో గుర్తొచ్చింది. అక్కడి జాలర్లు పట్టేదాంట్లో ఎక్కువ భాగం తినేది యూరప్ వాళ్లే. నిన్నటిదాకా రాత్రికి రాత్రి ఫ్రాన్స్ చేరిన లారీలు ఆరోగ్య ధ్రువపత్రాల కోసం ఆగిపోయాయి. పూర్తి శుభ్రమైన నీళ్లలో పెరగని బతికున్న ఆల్చిప్పల్ని, శుద్ధి చేయకుండా పంపితే యూరప్ తీసుకోనంది. పట్టుబడి అయ్యాక ఐస్ కరిగిపోతుంటే కాగితం కోసం చూడటం ఎలా ఉంటుందో మన దగ్గర వేరే చెప్పాలా?

మనకి జరిగిన మేలు కూడా చెప్పాలి. యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ బ్రిటన్ సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకోలేదు. బయటికొచ్చింది కాబట్టే 2025 జులై 24న భారత్‌తో విడిగా సంతకం చేయగలిగింది. ఆ ఒప్పందం మన రొయ్యల మీద అక్కడి దిగుమతి సుంకాన్ని తీసేస్తుంది. ఆ ఆగస్టులోనే అమెరికా సుంకాల దెబ్బకి టెన్షన్ పడిన ఆక్వా రైతుకి అది చిన్న మాట కాదు.

అదే 2025 మే నెలలో బ్రిటన్, యూరప్ మళ్లీ కూర్చున్నాయి. యూరప్ పడవల్ని 2038 దాకా తన నీళ్లలోకి రానివ్వడానికి బ్రిటన్ ఒప్పుకుంది. సరిహద్దులో ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందం కుదుర్చుకోవాలని కూడా అప్పుడే అనుకున్నారు. దాని ప్రకారం బ్రిటన్ మళ్లీ యూరప్ ఆహార నియమాల్నే పాటించాలి, వాటిని రాసేటప్పుడు మాత్రం ఓటు ఉండదు. భీమవరం రైతు ఇన్నాళ్లూ పాటిస్తున్నది అలాగే.