ఆభా గొడవ మొదలైంది వ్యాక్సిన్ సర్టిఫికెట్‌తోనే

ఓపీ చీటీకి ఆభా నంబర్, అంటే రోగి ఆరోగ్య రికార్డులను కలిపే 14 అంకెల గుర్తింపు, అడగడంపై మళ్లీ చర్చ రేగింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని ఈ డిజిటల్ హెల్త్ పథకాన్ని ప్రకటించడం, ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో దాని ప్రయోగం తెలిసిన సంగతులే. అసలు మలుపు 2021లో, వ్యాక్సిన్ క్యూలో వచ్చింది.

టీకా కోసం జనం ఆధార్ ఇచ్చారు. ఫోన్‌లోకి దిగిన సర్టిఫికెట్‌లో పేరు, వయసుతో పాటు ‘యూహెచ్ఐడీ’ అని ఓ గడి, పక్కన 14 అంకెలు. అప్పట్లో దాని పేరు హెల్త్ ఐడీ, ఇప్పుడు ఆభా. అది తయారు చేస్తున్నట్టు తమకు ఎవరూ చెప్పలేదని ఆ ఏడాదే చాలామంది అన్నారు. ఇష్టమైతేనే చేరవచ్చని, ఐడీ లేదని వైద్యం నిరాకరించకూడదని కేంద్రం విధానం రాసుకున్నది 2020 డిసెంబరులో. ఆ తర్వాత నెలలు తిరక్కుండానే ఇలా చెప్పకుండా ఐడీలు తయారయ్యాయి. ఆరోగ్య సమాచార రక్షణకు 2018లో రాసిన ‘దిశ’ ముసాయిదా (ఏపీ దిశ బిల్లు వేరు) చట్టం కాలేదు. డేటా రక్షణ చట్టం వచ్చేసరికి 2023 ఆగస్టు అయింది.

రికార్డులు ఏ ఆసుపత్రివి అక్కడే ఉంటాయని, రోగి ఒప్పుకుంటేనే మరొకరు చూడగలరని ప్రభుత్వం అంటోంది. కాగితం మీద ఏర్పాటు అదే. కానీ 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి గురై, రోజుల తరబడి చేతిరాతతో పని నడిచాక ఆ మాట నమ్మించడం కష్టమైంది.

నమ్మకం లేక జనం రికార్డులు కలపకపోతే నష్టపోయేది రోగే. కిడ్నీ జబ్బున్న పెద్దాయన ములుగు నుంచి వరంగల్ ఎంజీఎంకు వస్తే, స్కాన్‌కు మందు ఎక్కించేముందు డాక్టర్‌కు పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కావాలి. ఏ ఇంజెక్షన్ పడదో తెలియాలి. అవన్నీ ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి, లేదా ఇంట్లో మరచిపోతారు. మళ్లీ రక్తం తీస్తారు, మళ్లీ ఖర్చు. ఎలక్ట్రానిక్ రికార్డు తప్పించాల్సింది దీన్నే. 2022 మార్చిలో తెలంగాణ ములుగు, సిరిసిల్లల్లో హెల్త్ ప్రొఫైల్ (ఒక్కొక్కరి ఆరోగ్య వివరాల నమోదు) మొదలుపెట్టినప్పుడు సిబ్బంది ఇంటికెళ్లి ముందు బీపీ, షుగర్ చూశారు. ముందు వైద్యం, తర్వాత రికార్డు: సరైన వరస అది.

అదే ఏడాది వచ్చిన, ఆసుపత్రిలోని కోడ్‌ను ఫోన్‌తో చూపి ఆభా వివరాలు పంపే క్యూఆర్ స్కాన్‌తో ఓపీ చీటీ త్వరగా వస్తోంది, నిజమే. అయితే దాంతో కౌంటర్‌కు చేరేది పేరు, వయసు, చిరునామా లాంటివే. పాత రిపోర్టులు కావు.

ఆభా లేకపోయినా వైద్యం ఆగదన్న 2020 నాటి వాక్యాన్ని ముందు ప్రతి ఓపీ కౌంటర్ దగ్గర తెలుగులో రాసి అంటించాలి.