షుగర్ ఉన్నవాళ్లు ఏ కూర తినాలి? అపోహలు - వాస్తవాలు

షుగర్ ఉందని రిపోర్ట్ వచ్చిన వారంలోపే ఇంట్లో కూరగాయల మీద తీర్పులు మొదలైపోతాయి. కాకరకాయ మంచిది, ఆలుగడ్డ చెడ్డది, క్యారెట్ తియ్యగా ఉంటుంది కాబట్టి వద్దు. డైటీషియన్‌గా నన్ను అందరూ ముందు అడిగేది "ఏ కూర తినొచ్చు మేడమ్?" అనే. అన్నం ఎంత పెట్టుకోవాలని అడిగేవాళ్లు బాగా తక్కువ. నిజానికి షుగర్ లెక్క ఎక్కువగా తేలేది అక్కడే.

అపోహ: దుంపలన్నీ ఒకటే, అన్నీ మానేయాలి.

అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. 100 గ్రాముల పచ్చి ముల్లంగిలో పిండిపదార్థం 3-4 గ్రాములే, అంటే దాదాపు సొరకాయలో ఉన్నంత. క్యారెట్, బీట్‌రూట్‌లలో 10 గ్రాముల లోపు. బంగాళదుంపలో 17, చిలగడదుంపలో 20, చేమదుంపలో 26, కర్రపెండలంలో 38 దాకా ఉంటుంది. మానేయాల్సిన పని లేదు కానీ, చివరి నాలుగింటినీ కూరల ఖాతాలో కాకుండా అన్నం ఖాతాలో రాసుకోండి.

ఉల్లిపాయలోనూ దాదాపు క్యారెట్‌లో ఉన్నంత పిండిపదార్థం ఉంది. అయినా షుగర్ వచ్చిందని ఉల్లిపాయ మానేసినవాళ్లను నేనైతే చూడలేదు.

అపోహ: క్యారెట్ తింటే షుగర్ పెరుగుతుంది.

దీనికి పాత కథ ఒకటి ఉంది. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్ (ఒక పదార్థం తింటే రక్తంలో షుగర్ ఎంతగా పెరుగుతుందో, గ్లూకోజ్‌ను 100గా పెట్టుకుని చెప్పే కొలత) పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు క్యారెట్‌కు 92 వచ్చింది. తర్వాత చేసిన పరీక్షల్లో అది అందులో సగానికి, ఇంకా కిందికి దిగింది. పాత నంబరు మాత్రం జనంలో అలాగే ఉండిపోయింది.

పైగా ఆ పరీక్షలో తినిపించేది 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత. పీచు తీసేసి లెక్కేస్తే, క్యారెట్ నుంచి అంత రావాలంటే సుమారు 700 గ్రాములు తినాలి. మనం కూరలో తినేది ఒకటో రెండో. నిశ్చింతగా తినండి. జ్యూస్ వేరే సంగతి: నాలుగైదు క్యారెట్లు ఒక్క గ్లాసులోకి దిగుతాయి, పీచు చాలావరకు వడపోతలో పోతుంది.

అపోహ: చిలగడదుంప షుగర్‌కి మందులాంటిది.

ఇది ఈమధ్య ఫోన్లలో బాగా తిరుగుతోంది. దీని సంగతి మీరు వండే పద్ధతిని బట్టి ఉంటుంది. జమైకాలో వేర్వేరు రకాల చిలగడదుంపల మీద చేసిన పరీక్షల్లో, ఉడకబెట్టినప్పుడు గ్లైసీమిక్ ఇండెక్స్ 41-50 మధ్య వచ్చింది. అవే దుంపలను కాలిస్తే 79-93. కాబట్టి శివరాత్రి ఉపవాసానికి ఉడికించిన చిన్న ముక్క సరే, బండి మీద నిప్పుల్లో కాల్చినది వద్దు.

అపోహ: రోజూ పరగడుపున కాకరకాయ రసం తాగితే మాత్రలు అక్కర్లేదు.

కాకరకాయ మీద పరిశోధనలు లేకపోలేదు. కానీ మనుషుల మీద జరిగినవి చాలావరకు చిన్నవి, ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేవు. మాత్రల బదులు వాడొచ్చని చెప్పేంత ఆధారం లేదు. నాకు అసలు టెన్షన్ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుంటూనే ఈ రసం కూడా తాగి, టిఫిన్ ఆలస్యం చేసేవాళ్లతోనే. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే అది షుగర్ పడిపోతున్న లక్షణం. కాకరకాయను కూరగా వండుకోండి, అదీ బెల్లం వేయకుండా.

సొరకాయ రసం తాగేవాళ్లకు ఒక్క మాట: చేదుగా ఉంటే ఒక్క గుటక కూడా వద్దు, పారబోయండి. ఆ చేదు విషపూరితం కావచ్చు. వాంతులు, రక్తస్రావంతో ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

అపోహ: బెండకాయ నానబెట్టిన నీళ్లు షుగర్ తగ్గిస్తాయి.

నమ్మదగ్గ ఆధారం లేదు. ఆ బెండకాయలనే వండుకు తినండి, పీచు దక్కుతుంది.

అపోహ: ఆలుగడ్డ ముట్టుకోకూడదు.

చిన్న లెక్క చూడండి. ఒక కప్పు అన్నంలో, అంటే దాదాపు 150 గ్రాములకు, పిండిపదార్థం 40 గ్రాముల పైనే. దానికి 100 గ్రాముల ఆలుగడ్డ కలిస్తే 57-60. అదే అన్నం అరకప్పుకు తగ్గిస్తే మొత్తం 40 లోపే, ఆలుగడ్డ కూర తిన్న తృప్తీ ఉంటుంది. వేపుడులో నూనె మాత్రం చూసుకోవాలి. పప్పు, ఆకుకూర పక్కన ఉంటే ఇంకా మేలు.

తినే వరుస కూడా పనిచేస్తుంది. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్లు 2015లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, కూరగాయలు, మాంసం ముందు తిని పిండిపదార్థాలు ఆఖర్న తిన్నప్పుడు షుగర్ తక్కువగా పెరిగింది. మన భోజనంలో ముందు కాస్త కూర ఒట్టిగా తిని, తర్వాత అన్నం కలుపుకోవడం కష్టమేమీ కాదు.

కిడ్నీ సమస్య కూడా ఉన్నవాళ్లకు పొటాషియం లెక్క వేరు. ఆకుకూరలు, టమాటా, దుంపల విషయంలో మీ డాక్టర్ చెప్పిందే పాటించండి.

ఏ కూర మీకు పడుతుందో తెలుసుకోవాలంటే ఇంట్లో గ్లూకోమీటర్ చాలు. ఒకరోజు బీరకాయ, ఇంకోరోజు ఆలుగడ్డ తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు పరీక్ష చేసుకోండి. రెండు రోజులూ అన్నం అదే గిన్నెతో కొలిచి పెట్టుకోవాలి సుమా, లేకపోతే ఆ నంబరు చూసి కూరను తిట్టడం అన్యాయం.