కటీఫ్ చెప్పుకున్న పిల్లలకు కథ ఎలా చెప్పాలి? అపోహలు – వాస్తవాలు

ఆరు నుంచి పదేళ్ల ఆడపిల్లలున్న ఇంట్లో గానీ, క్లాసులో గానీ "నీ జట్టు కటీఫ్" అన్న మాట వినపడని వారం ఉండదు. ఈ అలకలకీ, ఏడుపులకీ, ఒకరిని పక్కన పెట్టి ఇద్దరు చెప్పుకునే గుసగుసలకీ కథ బాగా పనిచేస్తుంది. చెప్పే తీరు మీద పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే దాన్ని చెడగొడుతున్నాయి.

అపోహ: ఏడుస్తున్నప్పుడే కథ చెప్తే ఊరుకుంటుంది.

మూడేళ్ల పిల్ల ఊరుకుంటుందేమో గానీ ఎనిమిదేళ్ల పిల్ల ఊరుకోదు. వెక్కివెక్కి ఏడుస్తున్నప్పుడు కథ చెవికెక్కదు. పైగా "నా మాట వినకుండా కథలు చెప్తున్నారు" అని ఉక్రోషం పెరుగుతుంది. మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుని, "బాగా బాధేసింది కదూ తల్లీ" అంటే ఆ పూటకు చాలు. కథ రాత్రి పడుకునే ముందో, మర్నాడో.

అపోహ: కథలో పాప తనేనని తెలియాలి, అప్పుడే బుద్ధొస్తుంది.

ఎక్కువ కథలు చెడేది ఇక్కడే. "అనగనగా ఒక పాప ఫ్రెండు మీద అలిగి అన్నం మానేసింది" అనగానే పిల్ల మొహం తిప్పేసుకుంటుంది. పేర్లు, చోటు, పాత్రలు మార్చేయండి. ముల్లు గుచ్చుకున్న చోటు మాత్రం మార్చకండి. బడిలో భోజనాల దగ్గర ఇద్దరు స్నేహితురాళ్లు తనని చూసి మాట ఆపేశారనుకుందాం. కథ ఇలా ఎత్తుకోవచ్చు:

"కరెంటు తీగ మీద రోజూ మూడు గోరింకలు కూర్చునేవి. ఆ రోజు చిట్టి గోరింక వచ్చేసరికి మిగతా రెండూ ముక్కూ ముక్కూ దగ్గర పెట్టుకుని ఏదో చెప్పుకుంటున్నాయి. ఇది వాలగానే మాట ఆపేశాయి. చిట్టి గోరింకకి గొంతులో గింజ అడ్డం పడ్డట్టయింది..."

ఇక్కడ ఆపాలి. అడగాల్సినవి మూడు. "ఇప్పుడు దానికి ఒంట్లో ఎక్కడ ఎలా ఉంది?" "అదేమనుకుంది?" "ఆ రెండూ ఏం మాట్లాడుకుంటూ ఉండొచ్చు? మూడు రకాలుగా చెప్పు." ఒక్కో ప్రశ్న తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనం భరించలేక పెద్దవాళ్లు జవాబు తామే అందించేస్తారు, ఇక పిల్లకి చెప్పడానికేమీ మిగలదు. మూడో ప్రశ్నకు మొదట వచ్చే జవాబు దాదాపుగా "దాని గురించే చెడుగా చెప్పుకుంటున్నాయి" అనే. రెండోదీ మూడోదీ వెతుక్కునేటప్పుడే వేరే కారణం కూడా ఉండొచ్చని తడుతుంది. మధ్యలో "దాని గురించి" అనబోయి "నా గురించి" అనేస్తే పట్టుకోకండి, విననట్టే ముందుకు పోండి.

ముగింపు పిల్లే చెప్పాలి. "ఆ రెండిటికీ షాక్ కొట్టింది" అంటుంది ఒక్కోసారి. తప్పని మందలించకుండా "మరి మర్నాడు పొద్దున చిట్టి గోరింక ఎక్కడ వాలింది?" అని అడగండి. కోపం తీరాక వచ్చే రెండో ముగింపే మనకు కావాల్సింది.

అపోహ: నీతి చెప్పకపోతే కథ వృథా.

నీతి మనం చెప్పేస్తే పిల్ల దాన్ని అప్పజెప్పి ఊరుకుంటుంది. దానికి బదులు రేపు బడిలో వాడుకోవడానికి ఒక మాట, ఒక పని ఇవ్వండి. "నన్నూ ఆడనిస్తారా?" అని అడిగితే "వద్దు" అనడం ఎదుటివాళ్లకు తేలిక. అదే కాసేపు పక్కన నిలబడి ఆట చూసి, "తాడు నేను తిప్పుతా" అంటే చోటు దొరికే అవకాశం ఎక్కువ. దీన్ని కథలో భాగంగా రెండుసార్లు ఆడించండి, రెండోసారి పాత్రలు మార్చండి. ఆరుగురు, ఎనిమిది మంది ఉన్న గుంపులో ఒక జాగ్రత్త: ఆ వారం నిజంగా ఒంటరైన పిల్లకి ఒంటరి పాత్ర ఇవ్వొద్దు, అందరి ముందూ అదే అవమానం మళ్లీ జరిగినట్టవుతుంది. తనకు కథ చెప్పే పని ఇవ్వండి.

అపోహ: చాటుమాటుగా పుల్లలు పెట్టడం ఆడపిల్లల బుద్ధి.

మనస్తత్వ పరిశోధకులు నిక్కీ క్రిక్, జెనిఫర్ గ్రోట్‌పీటర్ 1995లో చేసిన అధ్యయనంలో ఈ వెలివేతలూ పుకార్లూ ఆడపిల్లల్లోనే ఎక్కువని తేలిన మాట నిజమే. కానీ 2008లో నోయెల్ కార్డ్ బృందం 148 అధ్యయనాలను కలిపి చూస్తే, ఆడామగా తేడా లెక్కలోకి రానంత చిన్నది. "సర్దుకుపో, ఆడపిల్లకి అంత కోపమేంటి" అని నోరు నొక్కితే మాత్రం ఆ కోపం దొంగదారి వెతుక్కుంటుంది. మన కథల్లో కోప్పడి కూడా మంచివాళ్లుగా మిగిలే అమ్మాయిలు కావాలి. అలక, ఉక్రోషం, కుళ్లు, బెంగ, చిన్నబుచ్చుకోవడం: గోరింకకి ఇందులో ఏదని అడిగి ఎంచుకోనివ్వండి. 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం పెద్దవాళ్లకు మెదడు స్కానింగ్ చేసి చూస్తే, ఫొటోలో ముఖం మీద కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు భయం, కోపం లాంటి వాటికి స్పందించే మెదడు భాగం, అమిగ్డలా, స్పందన తగ్గింది.

అపోహ: మన పాత కథలు దీనికి పనికిరావు.

ఏడు చేపల కథ ఉండగా ఇంకేం కావాలి! చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, దాని వెనక ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లాడు, చివరికి చీమ. అదే వరసలో అడగండి: "కోపమా కోపమా, ఎందుకొచ్చావ్?" "పెన్సిల్ తీసుకుంది." "పెన్సిలూ పెన్సిలూ, ఎందుకు మండించావ్?" "అడక్కుండా తీసుకుంది." "అడక్కపోతే ఏమైంది?" "నన్నెప్పుడూ లెక్కచేయదు." చీమ దొరికింది. నాలుగైదు మెట్లు దాటొద్దు. కథ రాగం తప్పిందా, అదే "ఎందుకు" పోలీసు విచారణ అయిపోతుంది.

కొంచెం పెద్ద పిల్లలకు పంచతంత్రంలోని మిత్రభేదం. దమనకుడనే నక్క సింహం పింగళకుడి దగ్గర ఒక మాట, దాని స్నేహితుడైన ఎద్దు సంజీవకుడి దగ్గర ఇంకో మాట చెప్పేదాకా చెప్పి ఆపేయండి. "సంజీవకుడు నేరుగా వెళ్లి పింగళకుణ్ణి ఏమని అడిగుండాల్సింది?" ఆ వాక్యం పిల్లల చేతే రాయించండి.

అపోహ: కథ చెప్తే అన్నీ సర్దుకుంటాయి.

ఒకనాటి పోట్లాట వేరు, ఒకే పిల్లని పదేపదే వెలివేయడం వేరు. రెండోది పెద్దవాళ్లు బడికి వెళ్లి టీచరుతో మాట్లాడాల్సిన పని. బడికెళ్లే పొద్దున కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది. కథ మధ్యలో ఎవరో కొట్టారనో, తాకకూడని చోట తాకారనో పిల్ల చెప్తే కథ అక్కడే ఆపేయండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, గుచ్చిగుచ్చి అడగకండి. "చెప్పి మంచి పని చేశావ్" అని, తను వాడిన మాటలు ఉన్నదున్నట్టు రాసుకుని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.