ఫిర్యాదు రాని రొద

పెద్ద రోడ్డు పక్కన ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లను అడిగితే "మాకు అలవాటైపోయిందండీ" అంటారు. అందులో అబద్ధం లేదు, చాలామందికి మెలకువ కూడా రాదు. కానీ నిద్రలో కళ్లు మూతపడతాయి గానీ చెవులు మూతపడవు. అర్ధరాత్రి లారీ వెళ్లినప్పుడు ఆ చప్పుడు మెదడుకు చేరుతుంది. కాసేపు గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి టెన్షన్ హార్మోన్లు పెరుగుతాయి. పొద్దున లేచాక ఇదేదీ గుర్తుండదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. అందుకే ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే అధికారులు కదిలే పద్ధతి తప్పని నా అభిప్రాయం. నోరు మెదపనివాళ్ల ఒంటికీ దెబ్బ తగులుతూనే ఉంది.

పిల్లల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 1992లో జర్మనీలోని మ్యూనిక్‌లో పాత విమానాశ్రయాన్ని మూసేసి, వేరేచోట కొత్తది తెరిచారు. పరిశోధకులు రెండు చోట్లా పిల్లలను ఆ మార్పుకు ముందూ, తర్వాతా పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లలు చదవడంలో, నేర్చుకున్నది గుర్తుంచుకోవడంలో వెనకబడ్డారు. పాతదాని దగ్గరి పిల్లలు అవే విషయాల్లో మెరుగుపడ్డారు. అంటే రొద ఆగితే పిల్లలు తేరుకోగలరు! ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే మాట ఇది.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం ఇచ్చిన సూచనల ప్రకారం రోడ్డు రొద రోజు మొత్తం మీద సగటున 53 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) లోపు, రాత్రిళ్లు 45 లోపు ఉండాలి. విమానాలకు ఇంకా తక్కువ: 45, రాత్రి 40. రోజు మొత్తం సగటు కట్టేటప్పుడు రాత్రి శబ్దానికి 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పదింతలైనట్టు, ఆ లెక్కన రాత్రి దిగే ఒక్క విమానం పగటిపూట దిగే పదింటికి సమానం. 2002 నాటి యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం పెద్ద నగరాలు అయిదేళ్లకోసారి శబ్ద పటాలు, అంటే ఎక్కడ ఎంత రొద ఉందో చూపే మ్యాపులు, తయారుచేయాలి. అయితే పరిమితి ఎంతన్నది ఆ చట్టం చెప్పదు, దేశాలకే వదిలేసింది. నా దృష్టిలో అది పెద్ద లోటు.

తగ్గించడం కూడా తేలిక కాదు. రోడ్డు మీద బళ్లు సగానికి తగ్గినా తగ్గేది 3 డెసిబెల్సే. వేగాన్ని గంటకు 50 కిలోమీటర్ల నుంచి 30కి తగ్గించినా దాదాపు అంతే ఫలితం వస్తుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ. ఎలక్ట్రిక్ కార్లొస్తే సరిపోతుందని చాలామంది ఆశ. కానీ వేగం 50 దాటాక మనకు వినిపించేది ఎక్కువగా టైర్ల చప్పుడే. రోడ్డు పక్కన గోడ కడితే కింది అంతస్తులవాళ్లకు ఉపశమనం, పైఅంతస్తులకు రొద చేరుతూనే ఉంటుంది. కాబట్టి ముందు పట్టించుకోవాల్సింది వేగం, టైర్లు, రోడ్డు పైపొర, రాత్రి విమానాల సంఖ్య. గోడలు ఆ తర్వాతే.