వినబడనట్టు నటిస్తే దొరికిపోతారా?

డెఫ్లింపిక్స్ (వినికిడి లోపం ఉన్నవాళ్ల ఒలింపిక్స్) గురించి విన్న ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం ఇదే. నిబంధన చిన్నదే: 500, 1000, 2000 హెర్ట్జ్ (స్వరం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దగ్గర వినికిడి లోపాన్ని కొలిచి సగటు తీస్తే, బాగా వినే చెవికి కూడా కనీసం 55 డెసిబెల్లు రావాలి. 30, 60, 80 వచ్చినవాడి సగటు 56.7, అర్హుడు. 40, 50, 70 అయితే 53.3, ఇంటికే. 4000 దగ్గర ఎంత చెవుడున్నా లెక్కలోకి రాదు. బరిలోనూ వార్మప్‌లోనూ వినికిడి యంత్రం తీసేయాలి.

వెనక నిలబడి చప్పట్లు కొట్టి చెవుడు తేల్చడం మన ఇళ్లలో ఇంకా ఉంది. నేల అదిరినా, నీడ కదిలినా చెవిటి పిల్లవాడు తిరిగి చూస్తాడు. దాంతో ఏమీ తేలదు.

అబద్ధికుడి చిక్కంతా జ్ఞాపకంతోనే. పరీక్షలో స్వరం వినబడగానే మీట నొక్కాలి. నిజంగా లోపం ఉన్నవాడు వినబడగానే నొక్కుతాడు, అంతే. నటించేవాడు ‘ఇంత గట్టిగా వస్తేనే నొక్కాలి’ అని మనసులో ఒక కొలత పెట్టుకోవాలి. అందుకే ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించే నిపుణులు) ఒకసారి శబ్దాన్ని కింది నుంచి 5 డెసిబెల్ల చొప్పున పెంచుకుంటూ వస్తారు, ఇంకోసారి పైనుంచి దించుతారు. ఆ కొలత జారిపోతుంది. రెండు జవాబులకీ 10 దాటి తేడా వస్తే అనుమానమే. తర్వాత మాటలు వినిపిస్తారు. మాట వినబడే మట్టం స్వరాల సగటుకి 10 లోపు ఉండాలి. నటించేవాడికి ఇది సాధారణంగా కుదరదు, మాటల్ని సగటుకంటే చాలా తక్కువ మట్టంలోనే చెప్పేస్తాడు.

కానీ పైన చెప్పిన 30, 60, 80 మనిషిని చూడండి. మాటలు పట్టుకోవడానికి అతనికి 500, 1000 చాలు. వాటి సగటు 45. నిజాయితీపరుడే, కాగితం మీద మాత్రం దొంగలా కనిపిస్తాడు!

చెవిలో స్టెపీడియస్ అనే బుల్లి కండరం 70–100 డెసిబెల్ల మోతకి దానంతటదే బిగుసుకుంటుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. 95 దాకా వినబడదన్నవాడికి 85కే అది బిగిస్తే పట్టుబడ్డట్టే. 60 అని చెప్పే తెలివైనవాణ్ని మాత్రం ఇది పట్టలేదు, ఎందుకంటే నిజంగా 60 ఉన్నవాడికీ 85కే బిగుస్తుంది.

జలుబు ఇంకో తలనొప్పి. 45 ఉన్నవాడికి కర్ణభేరి వెనక నీరు చేరితే 65 అయిపోవచ్చు. చెవి వెనక ఎముకకి కంపనం పెట్టి చూస్తే అసలు 45 బయటపడుతుంది. గాలి ఒత్తిడితో కర్ణభేరి కదలికని కొలిచే టింపనోమెట్రీలో గీత శిఖరం లేకుండా బల్లపరుపుగా వస్తుంది.

ఇన్నిటికీ తేలకపోతే తలమీద ఎలక్ట్రోడ్లు అతికించి, కదలకుండా పడుకోబెట్టి, వినికిడి నాడి స్పందన చూస్తారు. క్లిక్ శబ్దంతో చేస్తే తేలేది ప్రధానంగా 2000–4000 సంగతే. కాబట్టి 500కి విడిగా క్షణంపాటు వచ్చే స్వరంతో చేయాలి. అక్కడేమో తరంగాలు మసకగా వస్తాయి, మెడ కండరం బిగిస్తే అసలే కనబడవు.