మింగాకే అసలు పని

గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండవార పల్లెల్లో కొండచిలువ మాట వస్తే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మేకను మింగి చెట్టుకు చుట్టుకుంటుంది. లోపల ఎముకలు పటపటా విరుగుతాయి." కథ బాగుంది గానీ, దానికి ఆ అవసరమే లేదు.

కొండచిలువ వేటను తరమదు. జంతువులు నడిచే బాట పక్కన, నీళ్ల దగ్గర, ఎండుటాకుల్లో కలిసిపోయి గంటలకొద్దీ కాచుకుంటుంది. పెదవుల అంచున ఉండే చిన్న గుంటలు ఒంటివేడిని పసిగడతాయి. కాబట్టి చీకటి దానికి అడ్డేమీ కాదు. విషం లేదు. లోపలికి వంగిన పళ్లతో పట్టి చుట్టేస్తుంది. చిక్కిన జంతువు ఊపిరాడక చస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2015లో బోవా జాతి పాముపై జరిగిన పరిశోధనలో చూస్తే, ఆ బిగింపుకి ఎలుకలో రక్తప్రసరణే క్షణాల్లో ఆగిపోయింది. మన కొండచిలువ చంపే తీరూ అదే కావచ్చు.

తర్వాత తలవైపు నుంచి మింగుతుంది. కింది దవడ రెండు సగాలూ ముందు అతుక్కుని ఉండవు. ఒక పక్క లాగి, ఇంకో పక్క లాగి, నెమ్మదిగా జరుపుకుంటుంది. నోరు నిండినా శ్వాసనాళం కొనను ముందుకు చాచి గాలి పీలుస్తుంది.

కడుపు ఉబ్బి కదలకుండా పడి ఉంటే మత్తులో ఉందనుకుంటాం. నిజానికి అప్పుడే ఒంట్లో కార్ఖానా మొదలవుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన బర్మా కొండచిలువలో కొలిచి చూశారు: పెద్ద తిండి తిన్నాక శరీరం ఖర్చుపెట్టే శక్తి విశ్రాంతిలో ఉన్నప్పటికన్నా 40 రెట్ల దాకా పెరిగింది. చిన్నపేగు బరువు దాదాపు రెట్టింపైంది. 2005లో వచ్చిన ఒక పరిశోధనలోనైతే 48 గంటల్లో గుండె కండ 40 శాతం పెరిగింది. పని అయిపోయాక ఇవన్నీ మళ్లీ కుంచించుకుపోతాయి. ఖాళీ కడుపుతో ఇంత యంత్రాంగాన్ని పోషించడం దండగే కదా. అందుకే పెద్ద వేట దొరికితే నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు.

ఎముకల సంగతి ఆమ్లం చూసుకుంటుంది, చెట్టుతో పని లేదు. వెంట్రుకలు, ఈకలు, గోళ్లు మాత్రం అరగక బయటికొస్తాయి.

ఇదంతా వేడి మీద ఆధారపడిన పని. ఒళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది. చలికాలంలో ఎండకు రాతి మీద సాగిలపడేది అందుకే. ఆ సమయంలో జనం కర్రలతో, ఫోన్లతో చుట్టుముడితే మింగినదంతా కక్కేస్తుంది. బరువుతో పారిపోలేదు మరి.

కోళ్లగూటిలో దూరిన కొండచిలువ పొద్దున్నే దొరికిపోయేదీ దీనివల్లే: వచ్చిన సందులోంచి ఉబ్బిన కడుపుతో వెళ్లలేదు. కొట్టి చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తే పట్టుకెళ్తారు. సందు మాత్రం ఆ రోజే మూసేయండి. కోళ్ల వాసన ఇంకో దాన్ని పిలుస్తుంది.