చౌక చెక్క, ఖరీదు లెక్క: చేపల మేతపై అపోహలు - వాస్తవాలు

నర్సంపేట దగ్గర మాకు రెండెకరాల చేపల చెరువు ఉంది. బొచ్చె, రవ్వ, మృగాల, వాటితో కొన్ని గడ్డిచేపలు వేస్తాను. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి ఎక్కడ ఏది చౌకగా దొరుకుతుందో వెతకడం తప్పు కాదు. నేనూ తవుడు కోసం రైస్ మిల్లుల చుట్టూ, చెక్క (గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) కోసం నూనె మిల్లుల చుట్టూ తిరిగేవాణ్నే. ఆ తిరుగుళ్లలో చెవిన పడే సలహాలు కొన్ని ఉంటాయి, వింటే చేపలు వెల్లకిలా తేలతాయి.

అపోహ: చెక్క ఏదైనా చెక్కే. గేదె తినేది చేప తినదా?

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. మనది పత్తి పండే నేల. పత్తి గింజల చెక్క పెట్టి గేదెల దగ్గర పాలు పిండుకుంటున్నాం, చెరువులోనూ పోసేద్దామంటారు. ఆ గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. నెమరువేసే పెద్ద పశువుల పొట్టలో దాని బలం చాలావరకు అణిగిపోతుంది. చేపకు అలాంటి పొట్ట లేదు. పైగా గాసిపాల్, మాంసకృత్తుల్లో ఒక భాగమైన లైసిన్‌ను పట్టుకుని వదలదు. లైసిన్ అందని చేపకు కండ పట్టదు. అందుకే మొత్తం మేతలో పది శాతానికి మించి నేను పత్తి చెక్క కలపను, అదీ పొట్టు తీసి ఆడించినది దొరికితేనే.

ఆముదం చెక్క జోలికే పోవద్దు. ఇక ఇప్ప చెక్క. ఒకసారి ఒక వ్యాపారి బస్తా విప్పి, పేరు చెప్పకుండా, "అన్నా, వేరుశనగ చెక్కలో సగం ధరకే ఇస్తా" అన్నాడు. ఒక ముక్క నలిపి సీసా నీళ్లలో వేసి ఊపాను. సబ్బు నీళ్లలా నురగ పొంగింది. ఇప్ప చెక్కలోని సపోనిన్ అనే, చేపలకు విషమైన పదార్థం పని అది. చేప పిల్లలు వదలడానికి ముందు చెరువులో ఉన్న పనికిరాని చేపలను చంపడానికి మనం వేసేది ఇదే. మీటరు లోతు నీటికి ఎకరాకు సుమారు టన్ను చల్లితే కొన్ని గంటల్లో చేపలు తేలతాయి. విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ తర్వాత అదే ఎరువవుతుంది. మంచి సరుకే, కానీ మేత కాదు.

అపోహ: అజొల్లా పెంచుకుంటే మేత ఖర్చే ఉండదు.

ఎండిన అజొల్లాలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయన్నది నిజమే. తొట్టి నుంచి తీసిన పచ్చి అజొల్లాలో మాత్రం 93, 94 శాతం నీళ్లే. పది కిలోల తట్ట మోసుకెళ్లి చెరువులో వేస్తే అందులో అసలు మేత ఆరేడు వందల గ్రాములు, మాంసకృత్తులు నూట యాభై గ్రాములు. గడ్డిచేపలు ఇష్టంగా తింటాయి, వేయండి. బొచ్చె నీటిలో తేలే సూక్ష్మజీవుల కోసం నోరు తెరుచుకుని తిరిగే చేప. దానికి మీ తట్టతో పని లేదు.

అపోహ: తవుడు ఒక్కటి చల్లితే చాలు.

తవుడులో మాంసకృత్తులు 12 నుంచి 15 శాతం. పెరిగే చేపకు 25 పైన కావాలి. వేరుశనగ చెక్కలో 40 పైన ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు రెండింటినీ సగం సగం కలిపారు. కాగితం మీద లెక్క వేసి కాకపోయినా ఆ పాళ్లు సరిగ్గా కుదిరాయి. నూనె తీయని పచ్చి తవుడు నాలుగు రోజుల్లో ముక్క వాసన కొడుతుంది, నిల్వకు నూనె తీసిన తవుడే మేలు. చేత్తో చల్లితే సగం గాలికి గట్టు చేరుతుంది. అడుగున రంధ్రాలు చేసిన సంచిలో పోసి గుంజకు కట్టండి. రెండు గంటల తర్వాత సంచి ఎత్తి చూడండి. ఖాళీ అయితే రేపు కొంచెం పెంచవచ్చు, మిగిలితే తగ్గించాలి. మబ్బు పట్టిన రోజున, చలి ముదిరినప్పుడు నేనైతే సంచి కట్టనే కట్టను.

కొర్రమీనుకు తవుడు పెడతామనేవాళ్లూ ఉన్నారు. అది వేటాడి తినే చేప, వదిలేయండి.

అపోహ: బూజు పట్టిన మక్కలు, చెక్క మనుషులకు పనికిరావు గానీ చేపలకు పనికొస్తాయి.

ఈ తప్పు నేనే చేశాను. ఒక వానాకాలం తడిసిన చెక్క సగం ధరకు వస్తే తెచ్చి, పచ్చటి బూజు దులిపి, రెండు రోజులు ఎండబెట్టి వేశాను. సంచులు నిండుగానే పైకి వచ్చేవి. నెల తర్వాత వల వేస్తే రవ్వలు తలలు పెద్దవి, ఒళ్లు సన్నం. ఒకదాన్ని కోస్తే కాలేయం పాలిపోయి ఉంది. ఎండకు బూజు చస్తుంది గానీ అది వదిలిన అఫ్లటాక్సిన్ అనే విషం మిగిలే ఉంటుంది, ఉడికించినా పోదు.

అపోహ: కోళ్ల వ్యర్థాలు ఉచితం కదా.

మన బొచ్చె, రవ్వ వాటిని తినవు, నీళ్లు కుళ్లుతాయి. వాటి మీద బతికే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషేధం. ఇంతకు మించి మాట్లాడనవసరం లేదు.

అపోహ: కిలో ధర తక్కువున్న మేతే చౌక.

లెక్క కోసం అనుకుందాం. కిలో 20 రూపాయల మేత నాలుగు కిలోలు తిని చేప ఒక కిలో పెరిగితే 80 రూపాయలు. కిలో 38 రూపాయల మేత గుళికలు కిలోన్నర తిని అంతే పెరిగితే 57. చౌక మేత ఎప్పుడూ ఓడుతుందని కాదు. పేడ ఎరువుతో నీళ్లు పచ్చగా ఉండి, మోచేతి దాకా ముంచిన చెయ్యి కనబడనంత సూక్ష్మజీవులు పెరిగిన చెరువులో తవుడు, చెక్కలే గెలుస్తాయి. మీ చెరువులో ఏది గెలుస్తుందో తెలియాలంటే వేసిన మేత, నెలకోసారి వలలో తూచిన బరువు నోటు పుస్తకంలో రాయాలి.

మొన్న పరకాల వైపు తమ్ముడొకరు ఫోను చేసి, ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ధాన్యపు పిప్పిని ఎండబెట్టినది) లారీ దింపుకోమంటున్నారు, తీసుకోనా అని అడిగాడు. లారీ వద్దు, గుప్పెడు తీసుకుని రమ్మన్నాను. బంగారు రంగులో ఉంటే రెండు బస్తాలతో మొదలుపెట్టవచ్చు. అతను తెచ్చింది కాఫీ పొడిలా నల్లగా ఉంది, మాడు వాసన. అంత మాడితే అందులోని లైసిన్ చేపకు అక్కరకు రాదు. లారీ వెనక్కి పంపించాడు.